రొట్టె యంత్రం పుట్టింది అన్నం తినే దేశంలో!

మీకు తెలుసా? పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్ వేసి మీట నొక్కితే నాలుగు గంటల్లో వేడివేడి బ్రెడ్డు చేతికిచ్చే బ్రెడ్ మేకర్ పుట్టింది రొట్టె లేనిదే పూట గడవని ఫ్రాన్సులోనో జర్మనీలోనో కాదు, మనలాగే అన్నం తినే జపాన్‌లో.

కాస్త ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదనిపిస్తుంది. సందు తిరిగితే బేకరీ ఉన్న ఊళ్లో బ్రెడ్డు ఇంట్లో చేసుకునే అగత్యం ఎవరికుంటుంది? జపాన్ వాళ్లకేమో తోషిబా కంపెనీ 1955లోనే ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ అలవాటు చేసిపెట్టింది. మీట నొక్కి మన పని మనం చూసుకోవడమనే సుఖం ఒకసారి మరిగిన వాళ్లు అన్నంతో ఆగుతారా? ఇది నా ఊహే అనుకోండి. తర్వాత జరిగింది మాత్రం ఊహ కాదు.

1985లో ఒసాకాలోని మత్సుషితా ఎలక్ట్రిక్ కంపెనీ, అంటే ఇప్పటి పానసోనిక్, ఇంటి బ్రెడ్ మేకర్ తయారీకి పూనుకుంది. మోటారు ఉంది, హీటరు ఉంది, వేళకి అన్నీ నడిపించే చిప్పు ఉంది. బ్రెడ్డు మాత్రం కుదరలేదు. పైన మాడు, లోపల పచ్చి. యంత్రం పిసికిన పిండికీ, చెయ్యి తిరిగిన బేకరు పిసికిన పిండికీ ఎక్స్‌రేలు తీసి పక్కపక్కన పెట్టి కూడా చూశారు. ఏమీ తేలలేదు.

అప్పుడు ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఒక మాట అంది. ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్ బ్రెడ్డుకి ఊళ్లో అందరికంటే ఎక్కువ పేరు కదా, ఆ చెయ్యి ఎలా ఆడుతుందో చూసొస్తే సరిపోదా అని. అనడమే కాదు, వెళ్లి ఆ హోటల్ పెద్ద బేకరు దగ్గర శిష్యరికం చేసింది. ఆయన పిండిని ఊరికే కుమ్మడం లేదు, ఒక పద్ధతిలో సాగదీస్తున్నాడు. ఆ సంగతి ఎక్స్‌రేలో పడలేదు, పక్కన నిలబడిన మనిషి కంట పడింది. ఏడాది పాటు ఇంజనీర్లతో కలిసి తంటాలు పడ్డాక గిన్నె లోపలి గోడకి ప్రత్యేకమైన గట్లు అమర్చారు. రెక్క పిండిని తిప్పుతుంటే ఆ గట్లు అడ్డుపడి ముద్దని సాగదీసి మెలిపెడతాయి. బజారుకొచ్చిన మొదటి ఏడాదే ఆ యంత్రం కొత్త వంటింటి సామాన్ల అమ్మకాల్లో రికార్డు కొట్టింది. మీ ఇంట్లో బ్రెడ్ మేకర్ ఉంటే గిన్నె లోపల ఓసారి వేలు పెట్టి చూడండి. గట్టో, ఉబ్బో ఏదో తగిలితే అది ఆ హోటల్ బేకరు చేతికి వారసత్వమే అనుకోవచ్చు.

ఈ కథని 1991లో ఇకుజిరో నొనాకా అనే జపాన్ ఆచార్యుడు హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశాడు. చేతికి తెలిసి నోటికి రాని విద్యని పదిమందికి పనికొచ్చేలా ఎలా మార్చాలో చెప్పడానికి మేనేజ్‌మెంట్ కాలేజీల్లో ఇప్పటికీ దీన్నే ఉదాహరణగా చెబుతారు. మన ఇళ్లలో ఇది కొత్త సంగతేమీ కాదు. ఆవకాయలో ఉప్పెంత అత్తయ్యా అంటే "చూసి వేసుకో అమ్మా" అనే అత్తగార్లందరూ ఆ బేకరు కోవలోని వాళ్లే.

*

పిండి పిసికే యంత్రం అంతకు చాలాముందే ఉందని తెలుసా? అమెరికాలో బానిసగా పుట్టిన జోసెఫ్ లీ అనే నల్లజాతి మనిషి బోస్టన్ దగ్గర హోటళ్లు నడిపే స్థాయికి ఎదిగి, 1894లో పిండి పిసికే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. మిగిలిపోయిన బ్రెడ్డు పారెయ్యడానికి ఆయనకి మనసొప్పలేదు. మరుసటి ఏడాదే దాన్ని పొడి చేసే ఇంకో యంత్రానికి పేటెంట్ పొందాడు. ఇవాళ మన కట్లెట్‌కి అద్దే బ్రెడ్ పొడి విషయంలో ఆయన పేరు ఎవరూ తలుచుకోరు.

*

జపాన్ వాళ్లు బ్రెడ్డుని 'పాన్' అంటారు, ముంబయి వాళ్లు 'పావ్' అంటారు. రెండూ ఒకే పోర్చుగీసు మాట నుంచి వచ్చాయి. ఓడలు అటు నాగసాకికీ ఇటు గోవాకీ వెళ్లాయి మరి. మన హైదరాబాదులో మాత్రం అది 'డబల్ రోటీ'. పొంగి రెండింతలవుతుంది కాబట్టి ఆ పేరని చెబుతారు. కోస్తాలో మా చిన్నప్పుడు అది తిండే కాదు, మందు. జ్వరం వచ్చిన వాడికి పాలల్లో ముంచి పెట్టేవాళ్లు. బాగున్న మనిషి బ్రెడ్డు తింటుంటే "ఏం, ఒంట్లో బాలేదా?" అని అడిగేవాళ్లు.

*

యంత్రం మీట నొక్కాక అరగంట దాకా చప్పుడే చెయ్యకపోవచ్చు. తెలుసా? నాకు తెలియదు. మొదటిసారి ఇరవై నిమిషాలు చెవి ఆనించి కూర్చుని, పాడైపోయిందని తేల్చి, షాపు వాడికి ఫోన్ చేసి గట్టిగానే నాలుగు మాటలన్నాను. ఫోన్ పెట్టేలోపే లోపల రెక్క గిర్రున తిరగడం మొదలెట్టింది.

కొన్ని మోడళ్లు మొదట పిండినీ నీళ్లనీ ఒకే వేడికి తెచ్చుకోవడానికి కదలకుండా కూర్చుంటాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు, అలమారాలోంచి తీసిన పిండి ఒకదానితో ఒకటి సర్దుకోవాలిగా. తర్వాత కలపడం, కాసేపు నానబెట్టడం, మళ్లీ పిసకడం, పొంగనివ్వడం, పొంగినదాన్ని రెక్కతో ఒక్క తిప్పు తిప్పి గాలి తీసెయ్యడం, మళ్లీ పొంగనివ్వడం, చివర దాదాపు గంట కాల్చడం. మొత్తం మూడున్నర నాలుగు గంటల్లో మోటారు నిజంగా కష్టపడేది అరగంట కూడా ఉండదు. మిగతాదంతా ఎదురుచూపే. ఇడ్లీ పిండికి రాత్రంతా ఎదురుచూసే మనకి ఇది పెద్ద లెక్కలోది కాదు.

ఇడ్లీ పిండి పొంగడానికీ బ్రెడ్డు పొంగడానికీ కారకులు వేరు. ఇడ్లీలో ప్రధానంగా బాక్టీరియాదే పని. అవి గ్యాసుతో పాటు పులుపూ తెస్తాయి. బ్రెడ్డులో పని ఈస్ట్‌ది. ఒక చెంచా పొడిలో వేల కోట్ల కణాలు ఎండి నిద్రపోతుంటాయి. నీళ్లు తగిలితే లేస్తాయి.

అందుకే సామాన్లు వేసే వరసకి అంత పట్టింపు. చాలా యంత్రాల్లో నీళ్లు అడుగున, దాని మీద పిండి, పిండి నెత్తిన చిన్న గుంట చేసి ఈస్ట్. కొన్నింట్లో సరిగ్గా తలకిందులు: ఈస్ట్ అడుగున, పిండి మధ్యన, నీళ్లు పైన. రెండింటి ఉద్దేశమూ ఒకటే, యంత్రం తిరిగేదాకా ఈస్ట్‌కి తడి తగలకూడదు. రాత్రి సామాన్లు వేసి పొద్దున ఆరింటికి బ్రెడ్డు కావాలని టైమర్ పెట్టుకునే వాళ్లు ఈ వరస తప్పితే ఈస్ట్ అర్ధరాత్రే మేలుకుని సత్తువంతా ఖర్చు పెట్టేస్తుంది. టైమర్ పెట్టిన రోజు పాలు, గుడ్లు వద్దు. ఎనిమిది గంటలు బయట ఉంటే అవి ఏమవుతాయో మీకు చెప్పక్కర్లేదు.

*

మూత తియ్యకూడదని చాలామంది అనుకుంటారు. పొంగేటప్పుడూ కాలేటప్పుడూ తియ్యకూడదు, నిజమే. పిసికేటప్పుడు మాత్రం తీసి తీరాలి. ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంటుందంటే ఇదే గుర్తుంచుకోండి.

ఎందుకంటే యంత్రానికి గడియారం తెలుసు, వేడి తెలుసు. పిండి ఎలా ఉందో తెలియదు. గట్టిగా ఉన్నా, జారుగా ఉన్నా చెప్పిన నిమిషాలు తిప్పి తర్వాతి పనికి వెళ్లిపోతుంది. తనాకా యంత్రానికి చెయ్యి నేర్పింది కానీ వేలి కొస స్పర్శ ఇవ్వలేకపోయింది. ఆ పని మనదే. పిసకడం మొదలైన ఐదారు నిమిషాలకి మూత తీసి చూడండి. ముద్ద గిన్నె గోడల్ని వదిలి నున్నగా గుండ్రంగా తిరుగుతుండాలి. రెక్క ఆగిన క్షణంలో వేలితో తాకితే కొంచెం అంటినట్టు అంటి వదిలెయ్యాలి. అడుగున చిత్తడిగా పరుచుకుంటే ఒక చెంచా పిండి, ముక్కలు ముక్కలై గిన్నెకి తగులుతూ టకటక చప్పుడు చేస్తుంటే ఒక చెంచా నీళ్లు. చెంచా అంటే చెంచాయే, గరిటె కాదు. రెండు నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి.

విదేశీ పుస్తకాల కొలతలు మన పిండికి సరిపోకపోవడానికి కారణం ఉంది. గోధుమలో గ్లైయాడిన్, గ్లూటెనిన్ అని రెండు ప్రోటీన్లు. నీళ్లు తగిలి పిసికితే అవి కలిసి గ్లూటెన్ అనే సాగే వల అవుతాయి. ఈస్ట్ వదిలే గ్యాసు బుడగల్ని పట్టి ఉంచేది ఈ వలే. అక్కడ బ్రెడ్డు కోసమని వేరే పిండి అమ్ముతారు, దాంట్లో ప్రోటీన్ 12, 13 శాతం ఉంటుంది. మన మైదాలో సాధారణంగా అంతకంటే తక్కువ. నీళ్లూ తక్కువే పీలుస్తుంది. 400 గ్రాముల మైదాకి 240 నుంచి 250 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి చూడొచ్చు.

ఇక చపాతీ పిండి కథ పూర్తిగా వేరు. చక్కీ రాళ్ల మధ్య నలిగిన పిండిలో గంజి రేణువులు చితికిపోయి ఉంటాయి. చితికిన రేణువు ఎక్కువ నీళ్లు తాగుతుంది. చపాతీ మెత్తగా రావడానికి ఆ గుణమే సాయం. అదే బ్రెడ్డుకి బరువు. పైగా తవుడు పెచ్చులు గ్లూటెన్ వలని అక్కడక్కడా తెంపుతుంటాయి. అందుకని ఆటా బ్రెడ్డు బజారు బ్రెడ్డులా దూదిపింజె కాలేదని యంత్రాన్ని తిట్టుకోవడం అన్యాయం. 400 గ్రాములకి 300 మిల్లీలీటర్ల దాకా నీళ్లు పడతాయి. సగం మైదా కలిపితే నెమ్మదిస్తుంది. విడిగా అమ్మే గ్లూటెన్ పొడి రెండు చెంచాలు వేస్తే ఇంకా నయం. కప్పులతో కొలవడం మానేసి చిన్న తూకం మిషను కొనుక్కోండి. అదే కప్పులో పిండి కుక్కితే ఒక బరువు, వదులుగా పోస్తే ఇంకో బరువు.

*

మే నెల విజయవాడలో బ్రెడ్ మేకర్‌కి పొయ్యాల్సింది గోరువెచ్చని నీళ్లు కాదు, ఫ్రిజ్ నీళ్లు. గోరువెచ్చగా అని రాసిన వాళ్లు చలిదేశాల వాళ్లు. పిసుకుడు రాపిడికే పిండి వేడెక్కుతుంది. దానికి 40 డిగ్రీల వంటిల్లు తోడైతే ఈస్ట్ పూనకం వచ్చినట్టు చెలరేగుతుంది. పిండి గిన్నె అంచు దాటి పొంగుతుంది, బుడగల గోడలు పల్చబడతాయి. కాల్చే వేళకి నడుం విరిగి కూలుతుంది. గుమ్మటం రావాల్సిన చోట గుంట. మా ఇంట్లో మొదటి వేసవి మూడు గుంటలు పడ్డాయి. చల్లటి నీళ్లు పోసి, ఈస్ట్ పావు వంతు తగ్గించాక కానీ నాలుగోది నిలబడలేదు.

గుంట పడటానికి ఇంకో కారణం ఉప్పు మరిచిపోవడం. రుచికే కాదు, ఉప్పు ఈస్ట్ దూకుడుకి కళ్లెం, గ్లూటెన్‌కి బిగువు. 400 గ్రాముల పిండికి ఆరేడు గ్రాములు. చక్కెర మానేసినా బ్రెడ్డు పొంగుతుంది, పిండిలోని ఎంజైములు గంజినే కాస్త చక్కెరగా మార్చి ఈస్ట్‌కి అందిస్తాయి. ఉప్పు మానేస్తే మాత్రం కుదరదు.

*

బ్రెడ్డు కాలుతుంటే ఇల్లంతా కమ్ముకునే ఆ వాసనకీ బాస్మతి అన్నం వాసనకీ చుట్టరికం ఉంది. ఎసట్లో బాస్మతి ఉడుకుతుంటే వచ్చే ఘుమఘుమకి ముఖ్య కారణం 2-ఎసిటైల్-1-పైరోలిన్ అనే పదార్థం. దాన్ని 1980ల మొదట్లో బియ్యంలో గుర్తించారు. కొద్ది ఏళ్లకే, గోధుమ బ్రెడ్డు పైపెచ్చు వాసనలోనూ అదే ముఖ్యమని తేలింది. వందల కోట్లలో ఒక పాలు ఉన్నా ముక్కు పట్టేస్తుంది.

*

అన్నం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. బియ్యం పోస్తే బ్రెడ్డు చేసిచ్చే యంత్రం కూడా వచ్చింది! 2010 నవంబర్‌లో జపాన్‌లో సాన్యో కంపెనీ 'గోపాన్' అని ఒకటి దింపింది. అన్నాన్ని జపనీసులో 'గోహాన్' అంటారు, బ్రెడ్డు 'పాన్', రెండూ కలిపి గోపాన్. బియ్యాన్ని తనే రుబ్బుకుంటుంది. బియ్యంలో గ్లూటెన్ ఉండదు కనుక గోధుమ గ్లూటెన్‌నీ ఈస్ట్‌నీ పై అరలోంచి వేళకి తనే వదులుతుంది. ధర 50,000 యెన్‌ల దాకా. అయినా జనం ఎగబడ్డారు. సరుకు అందించలేక కంపెనీ కొన్ని వారాలకే ఆర్డర్లు తీసుకోవడం ఆపేసింది. మన గ్రైండర్‌నీ బ్రెడ్ మేకర్‌నీ కలిపి ఒక్క పెట్టెలో పెట్టినట్టు ఉండే ఈ యంత్రం తెనాలిలోనో సూర్యాపేటలోనో ఎవరికీ తట్టలేదేమా అని నాకు చిన్న అసూయ.

*

ఇంట్లో చేసిన బ్రెడ్డుని ఫ్రిజ్‌లో పెడితే త్వరగా పాడవుతుంది! బూజు పట్టదు కానీ గట్టిపడుతుంది. రాత్రి అన్నం ఫ్రిజ్‌లో పెడితే పొద్దున బిరుసెక్కుతుంది చూడండి, అదే గొడవ. ఉడికినప్పుడు విచ్చుకున్న గంజి, చల్లబడ్డాక మళ్లీ దగ్గరకి చేరి బిగుసుకుంటుంది. ఫ్రిజ్ చల్లదనంలో ఆ బిగుసుకోవడం ఇంకా వేగం. ఒకటి రెండు రోజుల్లో తినేస్తామంటే బయట డబ్బాలో, లేదంటే ముక్కలు కోసి డీప్ ఫ్రీజర్‌లో. ముక్క తీసి పెనం మీద వేడి చేస్తే మళ్లీ మెత్తబడుతుంది. కొన్న బ్రెడ్డులో బూజు రాకుండా కాల్షియం ప్రోపియొనేట్ లాంటివి వేస్తారు. ఇంటిదానికి ఆ రక్ష లేదు. వానాకాలంలో మూడో రోజుకి పచ్చని చుక్కలు కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

కొన్నదాంట్లో ఏముందో అన్న దిగులు మన దేశంలో 2016లో బాగా పెరిగింది. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ ఆ ఏడాది మేలో బ్రెడ్డు నమూనాలు పరీక్షించి, పొటాషియం బ్రోమేట్ ఆనవాళ్లు ఉన్నాయని బయటపెట్టింది. పిండికి బిగువిచ్చే ఆ రసాయనం క్యాన్సర్ కారకం కావచ్చన్న అనుమానం ఉన్నదే. మరుసటి నెలలోనే ఆహార భద్రత సంస్థ దాన్ని నిషేధించింది.

*

అమెరికా నుంచి కొడుకు తెచ్చిన బ్రెడ్ మేకర్‌ని నేరుగా మన ప్లగ్గులో పెట్టకండి. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. వోల్టేజి దాదాపు రెట్టింపైతే హీటరు లాగే కరెంటు శక్తి దాదాపు నాలుగింతలవుతుంది. పొగ రావడానికి నాలుగు గంటలు అక్కర్లేదు. జపాన్‌లో అయితే 100 వోల్టులే, ఇంకా ప్రమాదం.

కరెంటు ఖర్చు గురించి భయపడక్కర్లేదు. హీటరు జోరుగా పనిచేసేది చివరి గంటలోనే, అదీ చిన్న పెట్టె. ఒక బ్రెడ్డుకి అర యూనిట్‌కి అటూ ఇటూ. అసలు భయం కరెంటు పోవడం. కొన్ని యంత్రాలు పది నిమిషాల దాకా ఎక్కడ ఆగాయో గుర్తుపెట్టుకుంటాయి. కొన్ని మొత్తం మరిచిపోయి మొదటి నుంచీ పిసకడం మొదలెడతాయి. కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. రంగు, గాజు కిటికీ తర్వాత.

*

బ్రెడ్డు చెయ్యని రోజు కూడా ఆ యంత్రానికి పని చెప్పొచ్చు. పిసికి పొంగించి ఆపేసే మీట ఒకటి ఉంటుంది. నాన్, పిజ్జా పిండికి అదే. ఈస్ట్ వెయ్యకుండా ఆ మీటే నొక్కి, పిసకడం అయ్యాక ఆపేస్తే బొబ్బట్ల తోపు పిండి వెన్నలా సాగుతుంది. ఉగాది రోజు మా ఇంట్లో ఆ యంత్రం పడే కష్టం ఏడాదంతా పడదు. చాలా మోడళ్లలో జామ్ మీట కూడా ఉంటుంది, మామిడిపండు ముక్కలతో బాగా వస్తుంది. జపాన్ వాళ్లవి కొన్నయితే జిగురు బియ్యం ఉడికించి, దంచినట్టు చేసి 'మోచి' కూడా తయారుచేస్తాయి. మనకి ఆ మీటతో చలిమిడి వస్తుందేమోనని నాకో ఆశ. ఇంకా ధైర్యం చెయ్యలేదు.

*

చివరగా ఆ బొక్క. బ్రెడ్డు బయటికి తీస్తే అడుగున రెక్క ఇరుక్కుని ఉంటుంది, లాగితే చిన్న గొయ్యి మిగులుతుంది. ఇంటి బ్రెడ్డు అనడానికి అదే ముద్ర. ఆఖరిసారి గాలి తీశాక, రెండో పొంగు మొదలయ్యేలోపు పిండిలో చెయ్యి పెట్టి రెక్క తీసేస్తే గొయ్యి చిన్నదైపోతుంది. చేతికి నూనె రాసుకోండి. రెక్క మాత్రం బ్రెడ్డులో ఉండగానే కత్తి పెట్టి కొయ్యకండి, దాని నున్నటి పూత గీసుకుపోతుంది.

ఇక గుంట పడ్డవీ, ఇటుకల్లా వచ్చినవీ. నేతిలో ఎర్రగా వేయించి, పాకంలో వేసి, పాలు పోసి, కుంకుమపువ్వు చల్లితే డబల్ కా మీఠా. దానికి గట్టి బ్రెడ్డే మేలు, మెత్తనిది పాకంలో విడిపోతుంది. మా పక్కింటి బేగం ఆంటీ ఆ వేసవి మూడు గుంటల బ్రెడ్డులూ చూసి చాలా సంతోషించారు.